కాలేజీలో చేరితే సరా? ఒడ్డు చేరొద్దూ!

ఉత్తర చెన్నైలో ఉండే ఒక అమ్మాయి కిందటేడు మాకు ఫోన్ చేసింది. పన్నెండో తరగతి దాకా తెలుగు ప్రధాన భాషగా చదువుకుంది. డిగ్రీలో బీకాం తీసుకుంది. అక్కడా పార్ట్-1 కింద తెలుగే. ప్రధాన సబ్జెక్టుల్లో మూడేళ్లూ ఒక్క అరియర్ లేదు. చివరి సెమిస్టర్ ఫలితాలు రాకముందే ఒక ఆడిటర్ ఆఫీసులో ఉద్యోగం ఖాయమైంది. ప్రొవిజనల్ సర్టిఫికెట్ తెచ్చుకుందామని కాలేజీకి వెళితే, గుమస్తా మార్కుల పట్టిక చూసి ‘నీకింకా డిగ్రీ పూర్తి కాలేదమ్మా’ అన్నాడట.

తమిళనాడు డిగ్రీ చదువులో పార్ట్-4 అని ఒక భాగం ఉంటుంది. పన్నెండో తరగతి దాకా తమిళం చదవకుండా, డిగ్రీలో వేరే భాష తీసుకున్నవాళ్లు అందులో బేసిక్ తమిళం పేపర్లు రెండు రాయాలి. ఆరో తరగతి స్థాయి పాఠాలు. ఆ మార్కులు క్లాసు లెక్కలోకి రావు. పాసవకపోతే మాత్రం పట్టా చేతికి రాదు. ఈ రెండు మాటల్లో మొదటిది మాత్రమే ఆ అమ్మాయి చెవిన పడింది. లెక్కలోకి రాని పేపరు రాయడమెందుకని వదిలేసింది.

చెన్నైలో పుట్టి పెరిగిన పిల్ల. తమిళం గలగలా మాట్లాడుతుంది, బోర్డులు చదువుతుంది, దుకాణంలో చిట్టీలు రాస్తుంది. ఆ రెండు పేపర్లూ ఆమెకు ఒక పూట పని. తర్వాతి విడత పరీక్షల్లో రాసింది, పాసైంది. ఈలోగా ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఎంకాం సీటు గడువూ దాటిపోయింది. ‘ఒక్కరన్నా చెప్పుంటే అప్పుడే రాసేసేదాన్ని గదా సార్’ అంది.

ఈ వ్యాసం ఆ ‘ఒక్కరి’ గురించి. కాలేజీలో చేరిన పిల్ల మధ్యలో ఆగిపోకుండా పట్టా పుచ్చుకునేదాకా వెంట ఉండి దారి చెప్పే మనిషి గురించి. కొన్ని దేశాల్లో అది ఒక ఉద్యోగం. మన దగ్గర చాలాచోట్ల అది కాగితం మీద ఒక పేరు.

ఒకే చిక్కుకు నాలుగు పేర్లు

పరీక్ష తప్పిన పేపరును తమిళనాడులో అరియర్ అంటారు. కర్ణాటకలో బ్యాక్‌లాగ్. ఒడిశాలో బ్యాక్ పేపర్. మహారాష్ట్రలో ఏటీకేటీ. ఈ చివరి మాట షోలాపూర్, భివండీ తల్లిదండ్రులను బాగా మోసం చేస్తుంది. ‘రిజల్టు ఏమైందిరా?’ అంటే ‘ఏటీకేటీ వచ్చింది’ అంటాడు కొడుకు. అదేదో వచ్చిందంటున్నాడు కదా అని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. కొన్ని పేపర్లు తప్పినా పైతరగతికి వెళ్లనివ్వడమే ఏటీకేటీ. తప్పిన పేపర్లు ఎక్కడికీ పోవు, వెంటే వస్తాయి. వాటి సంఖ్య విశ్వవిద్యాలయం పెట్టిన హద్దు దాటిన రోజున పైతరగతి తలుపు మూసుకుంటుంది.

చదువు మానేసిన పిల్లలను ‘ఎందుకు మానేశావు?’ అని అడిగితే ‘చదువు ఎక్కలేదు’ అంటారు. అది చివరి మాట. దాని వెనక ఉన్న మొదటి సంగతులు చాలా చిన్నవి. మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిషులో చెప్పే పాఠం రెండు నెలలు అర్థం కాలేదు. సిగ్గుపడి వెనక బెంచీకి వెళ్లాడు. హాజరు తగ్గింది. హాజరు 75 శాతం లేకపోతే పరీక్ష రాయనివ్వరన్న సంగతి పరీక్షకు వారం ముందు తెలిసింది. జరిమానా కట్టి రాయొచ్చని ఇంకెవరో చెప్పారుగాని, ఆ డబ్బు ఇంట్లో అడగలేకపోయాడు. రెండు పేపర్లు పోయాయి. రెండో సెమిస్టర్‌లో వాటికి మరో రెండు తోడయ్యాయి. దసరాకు ఇంటికి వచ్చినవాడు మళ్లీ వెళ్లలేదు.

ఇందులో ఏ ముడీ విప్పలేనిది కాదు. మొదటి నెలలో ఎవరైనా కూర్చోబెట్టి అడిగి ఉంటే విడిపోయేదే. ముడి మీద ముడి పడి, చివరికి తాడు తెంచుకోవడమే సులువనిపించింది.

మన పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. రాజ్యాంగంలో 350-ఏ అధికరణ 1956లో చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని అది రాష్ట్రాలకు చెబుతుంది. ఆ చేయూత అక్కడికే. ఆ పైన హైస్కూలు దాకా మన బళ్లు ఎలాగో లాక్కొస్తున్నాయి. కాలేజీ గేటు దాటాక తరగతిలో ఇంగ్లిషు, ఆఫీసు గదిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో. నోటీసు బోర్డు మీద ఏముందో ఇంటికొచ్చి చెబితే అర్థం చేసుకుని సలహా ఇవ్వగల పెద్దవాళ్లు చాలా ఇళ్లలో ఉండరు. ఆ ఇంట కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి ఆ పిల్లే.

దారులు పెరిగాక దారి చెప్పేవాళ్లు కావాలి

వెనకటి డిగ్రీ చదువు రైలు పట్టా లాంటిది. బీఏ అంటే మూడు సబ్జెక్టులు, ఏడాదికో పరీక్ష. ఎక్కితే చాలు, దిగాల్సిన స్టేషన్ ముందే తెలుసు. ఎంచుకోవడానికి ఏమీ లేనప్పుడు తప్పుగా ఎంచుకునే భయమూ లేదు.

అమెరికాలో ఈ పద్ధతి 19వ శతాబ్దంలోనే మారింది. 1869లో హార్వర్డ్‌కు అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ విద్యార్థులు తమకు నచ్చిన సబ్జెక్టులు తామే ఎంచుకునే పద్ధతిని విస్తరించాడు. ఎంచుకునే స్వేచ్ఛ రాగానే తికమక కూడా వచ్చింది. ఆ శతాబ్దం ముగిసేలోగానే హార్వర్డ్, జాన్స్ హాప్కిన్స్ వంటి చోట్ల కొత్త విద్యార్థులకు సలహాదారులను పెట్టాల్సి వచ్చింది.

మన దేశంలో ఆ మలుపు 2015 ప్రాంతంలో వచ్చింది. యూజీసీ ఎంపిక ఆధారిత క్రెడిట్ పద్ధతిని విశ్వవిద్యాలయాలకు సూచించింది. కోర్, ఎలెక్టివ్, నైపుణ్య కోర్సు, భాషా కోర్సు అంటూ గదులు పెరిగాయి. ప్రతి గదిలోంచీ ఇన్నేసి క్రెడిట్లు సంపాదిస్తేనే పట్టా. దారులు పెరిగాయిగాని, దారి చెప్పే మనుషులు ఆ లెక్కన పెరగలేదు.

విద్యార్థులు ఎందుకు మధ్యలో వెళ్లిపోతారో అధ్యయనం చేసినవారిలో విన్సెంట్ టింటో పేరు ముందు వినిపిస్తుంది. ఆయన 1975లో చెప్పిన సంగతి మన మాటల్లో చెప్పాలంటే ఇది: పిల్లవాడు కాలేజీకి ఎన్ని దారాలతో ముడిపడి ఉంటే అన్నాళ్లు నిలుస్తాడు. చదువుతో ఒక దారం, అధ్యాపకులతో ఒకటి, తోటివారితో ఒకటి. ఒక్క దారమైనా గట్టిగా ఉంటే మిగతావి తెగినా ఆగుతాడు. అన్నీ వదులైతే మార్కులు బాగున్నవాడు కూడా వెళ్లిపోతాడు.

25 లక్షల గ్రేడ్లు చెప్పిన కథ

అట్లాంటా నగరంలో జార్జియా స్టేట్ అనే ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉంది. పేదింటి పిల్లలు, ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవాళ్లు అక్కడ చాలామంది. 2003 నాటి లెక్కల్లో అక్కడ చేరిన ప్రతి వందమందిలో ఆరేళ్లలోపు పట్టా అందుకుంటున్నది 32 మందే. మిగతావాళ్లు అప్పులతో, అరకొర చదువుతో ఇంటికి పోయేవారు.

మతాల అధ్యయనం బోధించే టిమొతీ రెనిక్ అనే ఆచార్యుడు ఈ పని తలకెత్తుకున్నాడు. ఆయన బృందం పదేళ్ల రికార్డులు తిరగేసింది. సుమారు 25 లక్షల గ్రేడ్లు. వాటిలో బయటపడిన సంగతులు అధ్యాపకులనే ఆశ్చర్యపరిచాయి. రాజనీతిశాస్త్రం తీసుకున్న పిల్ల మొదటి కోర్సులో సి గ్రేడుతో గట్టెక్కితే, పాసైంది కదా అని అంతవరకు ఎవరూ పట్టించుకునేవారు కాదు. అలా సి తెచ్చుకున్నవారిలో పట్టా దాకా వెళ్లింది నాలుగో వంతు మందే. నర్సింగ్ చదివేవాళ్లకు అసలు గండం నర్సింగ్ పాఠాల్లో కాకుండా మొదటి లెక్కల కోర్సులో ఉంది. ఆ లెక్కల్లో తడబడినవాళ్లను మూడో ఏటిదాకా రానిచ్చి, అప్పుడు ‘నీకు నర్సింగ్ రాదు’ అనేవారు. అప్పటికి రెండేళ్ల కాలం, డబ్బు పోయేవి.

2012లో కొత్త పద్ధతి మొదలైంది. కంప్యూటరు ప్రతి విద్యార్థి రికార్డునూ రోజూ చూస్తుంది. 800కు పైగా ప్రమాద సూచనలు దానికి నేర్పారు. తనకు పనికిరాని కోర్సులో పేరు నమోదు చేసుకున్నా, ముఖ్యమైన కోర్సులో మొదటి మార్కు తగ్గినా సూచన వస్తుంది. అప్పుడు కంప్యూటరు పని అయిపోతుంది, మనిషి పని మొదలవుతుంది. రెండు రోజుల్లో సలహాదారు ఆ విద్యార్థిని పలకరించాలి. దీనికోసం కొత్తగా 42 మంది సలహాదారులను తీసుకున్నారు. అంతకుముందు ఒక్కో సలహాదారుకు 700 మందికి పైగా విద్యార్థులు ఉండేవారు. ఆ సంఖ్యను 300కు తెచ్చారు.

ఇంకో సంగతి కూడా కనబడింది. ఒక్కో సెమిస్టర్‌లో వెయ్యిమందికి పైగా విద్యార్థులను ఫీజు బకాయి కింద పేర్లు తీసేస్తున్నారు. వాళ్లలో చాలామందివి మంచి మార్కులే, చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ ఉన్నారు. బకాయి కొద్ది వందల డాలర్లే. 2011 నుంచి విశ్వవిద్యాలయమే ఆ చిన్న మొత్తాన్ని వాళ్ల ఖాతాలో వేయడం మొదలుపెట్టింది. సగటున 900 డాలర్లు. అడగకుండానే ఇచ్చేది, సలహాదారును కలవాలన్న షరతుతో.

పదిహేనేళ్లలో ఆరేళ్ల పట్టా రేటు 50 శాతం దాటింది. నల్లజాతి పిల్లలు, పేదింటి పిల్లలు మిగతావారితో సమానంగా పట్టాలు అందుకోవడం మొదలైంది. ప్రవేశానికి మార్కుల హద్దు పెంచి సాధించింది కాదు ఇది. వచ్చే పిల్లలు ఆ పిల్లలే, చూసే చూపు మారింది.

బస్ పాస్ చేసిన మేలు

న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం కిందున్న రెండేళ్ల కాలేజీల్లో 2007లో ఏఎస్ఏపీ అనే పథకం మొదలైంది. అందులో చేరినవాళ్లు ఫుల్‌టైమ్ చదవాలి. ఉపకారవేతనం పోగా మిగిలిన ఫీజు మాఫీ. పుస్తకాలకు సాయం. నగరంలో తిరగడానికి అప్పట్లో ఉచితంగా మెట్రోకార్డు ఇచ్చేవారు. వీటన్నిటి నడుమ ఒక సలహాదారు. మామూలుగా ఆ కాలేజీల్లో ఒక్కో సలహాదారుకు అప్పట్లో 600 నుంచి 1,500 మంది విద్యార్థులు ఉండేవారు. ఈ పథకంలో 60 నుంచి 80 మందే ఉండేవారు. మొదటి సెమిస్టర్‌లో నెలకు రెండుసార్లు కలవాల్సి ఉండేది.

మెట్రోకార్డు ఇచ్చిన తీరులోనే కిటుకు ఉంది. దాన్ని ఇంటికి పంపేవారు కాదు. పథకం నియమాలు పాటిస్తూ, సలహాదారును కలుస్తూ ఉంటేనే కొత్త కార్డు దక్కేది. కార్డు కోసం వచ్చిన పిల్లవాడు ‘ఎలా ఉన్నావు, లెక్కల టెస్టు ఏమైంది?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా వెళ్లగలిగేవాడు కాదు. కష్టంలో ఉన్నవాళ్లే సలహాకు రారు. అందుకే వాళ్లు రాక తప్పని ఒక పని పెట్టారు.

ఇది నిజంగా పనిచేసిందా, లేక చురుకైన పిల్లలే చేరారా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అందుకని ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ 896 మందిని తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందికి ఈ పథకం, మిగతావారికి మామూలు కాలేజీ సేవలు అందేలా చేసి పోల్చింది. మూడేళ్లకు పథకంలో ఉన్నవారిలో 40 శాతం, లేనివారిలో 22 శాతం పట్టా అందుకున్నారు. ఓహాయో రాష్ట్రంలో మూడు కాలేజీలు ఇదే నమూనా పెట్టుకుంటే అక్కడ 35కు 19గా తేలింది. ఒక్కో విద్యార్థి మీద పెట్టిన ఖర్చు పెరిగింది. న్యూయార్క్‌లో ఒక్కో పట్టా లెక్కన చూస్తే తగ్గింది. మధ్యలో మానేసేవాళ్ల మీద పెట్టిన ఖర్చు ఎవరికీ దక్కదు మరి.

ఇవన్నీ డబ్బున్న నగరాల కథలు, మనకెక్కడ అనిపించవచ్చు. ఇంకొక అధ్యయనం మనకు మరింత దగ్గరిది. ఎరిక్ బెటింగర్, రాచెల్ బేకర్ అనే పరిశోధకులు 13 వేలకు పైగా విద్యార్థుల రికార్డులు పరిశీలించారు. వాళ్లలో కొందరికి ఒక శిక్షకుడు క్రమం తప్పకుండా ఫోన్ చేసి మాట్లాడేవాడు. ఫీజు సాయం లేదు, పుస్తకాలు లేవు. ఈ వారం ఏం చేస్తున్నావు, పరీక్ష ఎప్పుడు, ఉద్యోగానికీ చదువుకూ వేళ ఎలా కుదురుతోంది, ఇంట్లో పిల్లాణ్ని ఎవరు చూస్తున్నారు అన్న మాటలే. ఏడాది తర్వాత చూస్తే, ఫోన్ వచ్చినవాళ్లలో చదువు కొనసాగిస్తున్నవారు రానివారికంటే దాదాపు 5 శాతం పాయింట్లు ఎక్కువగా ఉన్నారు. ఫోన్లు ఆగిపోయిన తర్వాత కూడా ఆ తేడా నిలిచింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. జార్జియా స్టేట్ పద్ధతిని 11 విశ్వవిద్యాలయాల్లో పదివేల మంది విద్యార్థులతో పరీక్షించి చూశారు. జార్జియా స్టేట్‌లో ఫలితం కనబడింది. మొత్తం మీద లెక్క తీస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సాఫ్ట్‌వేర్ కొనుక్కున్నంత మాత్రాన పని జరగదన్నమాట. సూచన వచ్చినప్పుడు ఎవరు పలకరిస్తారు, పలకరించినవారి చేతిలో సమస్య తీర్చే అధికారం ఎంత ఉంది, పిల్లవాడు ఆ మనిషిని ఎంత నమ్ముతాడు అన్నదే అసలు విషయం.

మన కాలేజీల్లో ఆ మనిషి ఎక్కడున్నారు?

ఉన్నారు. తమిళనాడు కాలేజీల్లో ట్యూటర్-వార్డ్ పద్ధతి అంటారు. బెంగళూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రోక్టర్. ఇతరచోట్ల మెంటార్. ఐఐటీల్లో ఫ్యాకల్టీ అడ్వైజర్. నాక్ గుర్తింపు కోసం దరఖాస్తు చేసే కాలేజీ ఒక్కో మెంటార్‌కు ఎంతమంది విద్యార్థులున్నారో లెక్క చూపాలి. యూజీసీ 2019లో దీక్షారంభ్ పేరుతో కొత్త విద్యార్థుల పరిచయ కార్యక్రమానికి మార్గదర్శకాలు ఇచ్చింది. అందులోనూ మెంటార్ మాట ఉంది.

కాబట్టి మీ అమ్మాయి చేరిన కాలేజీలో ఆమెకంటూ ఒక మెంటార్ పేరు ఏదో రిజిస్టర్‌లో రాసి ఉండే అవకాశమే ఎక్కువ. ఆ పేరు ఆమెకు తెలుసా అన్నది ప్రశ్న. మేము మాట్లాడిన పిల్లల్లో చాలామంది ‘సంతకం పెట్టించుకున్నారు సార్, ఎవరో తెలియదు’ అన్నారు. పాఠాలు, పరీక్షలు, దిద్దుబాట్లు, నాక్ కాగితాలు అన్నీ చూసుకునే అధ్యాపకుడికి ఇది అదనపు పని. అందరినీ ఆయన వెతుక్కుంటూ రాలేడు. వెళ్లి ‘సార్, నేను మీ మెంటీని’ అని నిలబడ్డ పిల్లను కాదనే అధ్యాపకులు మాత్రం అరుదు.

రాష్ట్రానికో నియమం ఉండటం వల్ల మనవాళ్లకు ఈ పరిచయం మరీ అవసరం. కర్ణాటకనే చూడండి. 2021-22లో నాలుగేళ్ల డిగ్రీ తెచ్చారు, 2024-25 నుంచి మళ్లీ మూడేళ్లకు వచ్చారు. అన్న చదివిన పద్ధతి తమ్ముడికి లేదు. అన్న సలహా తమ్ముడికి పనికిరాదు, ఒక్కోసారి చేటు చేస్తుంది. జాతీయ విద్యావిధానం అమలైన విశ్వవిద్యాలయాల్లో ఏడాది చదివి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ. ఆగినవాళ్లు మూడేళ్లలోపు తిరిగి చేరొచ్చు, మొత్తం ఏడేళ్లలో పూర్తి చేయొచ్చు. సంపాదించిన క్రెడిట్లు 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో నిలవ ఉంటాయి. తమిళనాడు ఈ విధానం ఒప్పుకోలేదు, అక్కడి లెక్క వేరు. యానాం ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పుదుచ్చేరి విశ్వవిద్యాలయం కిందిది. చుట్టూ ఆంధ్రప్రదేశ్, నియమాలు మాత్రం వందల కిలోమీటర్ల అవతలి నుంచి వస్తాయి. కాకినాడలో చదివే పక్కింటి పిల్లవాడి మాట నమ్మి యానాంలో పరీక్ష రాయకుండా ఉంటే కుదరదు.

ఆగిపోవడం వేరు, మానెయ్యడం వేరు. ఇంట్లో జబ్బు వల్లనో, పెళ్లి వల్లనో, మగ్గం మూతపడటం వల్లనో ఒక ఏడాది ఆగాల్సి వస్తే, కాలేజీకి చెప్పి, కాగితం పెట్టి ఆగాలి. చెప్పకుండా వెళ్లిపోయిన పిల్లకు తిరిగి వచ్చే దారి మూసుకుపోవచ్చు. దూరవిద్య దారి కూడా ఉంది. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల దాకా సాగదీసుకోవచ్చు. ఏ దారి ఎవరికి తగినదో చెప్పడమే సలహాదారు పని.

తొలి నెలలోనే అడగాల్సిన ఆరు ప్రశ్నలు

1. నా మెంటార్ ఎవరు? ఏ గదిలో, ఏ రోజు దొరుకుతారు?

2. పట్టా రావడానికి మొత్తం ఎన్ని క్రెడిట్లు? ఏ భాగంలో ఎన్ని? మార్కులు లెక్కలోకి రాకపోయినా పాసవాల్సిన పేపర్లు ఏవి?

3. భాషా పేపర్ల కింద నాకున్న ఎంపికలు ఏమిటి? తెలుగు తీసుకోవచ్చా? తీసుకుంటే రాష్ట్ర భాషలో అదనంగా రాయాల్సినవి ఉన్నాయా?

4. హాజరు ఎంత ఉండాలి? తగ్గితే ఏం చేయాలి, ఎప్పటిలోగా?

5. తప్పిన పేపర్లు ఎన్నింటిదాకా పైతరగతికి వెళ్లనిస్తారు? మొత్తం ఎన్నేళ్లలో పూర్తి చేయాలి?

6. నాకు వర్తించే ఉపకారవేతనాలు ఏవి? దరఖాస్తు గడువు ఎప్పుడు? తమిళనాడులో ప్రభుత్వ బడిలో 6 నుంచి 12 దాకా చదివిన అమ్మాయిలకు పుదుమై పెణ్ పథకం కింద నెలకు 1,000 రూపాయలు వస్తాయి. ఇలాంటివి ప్రతి రాష్ట్రంలో ఏవో ఉంటాయి.

ఈ ఆరు జవాబులూ ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇంటి గోడకు అంటించండి. అమ్మకు చదువు రాకపోతే చదివి వినిపించండి. పరీక్ష ఫీజు గడువు తెలిసిన తల్లి ఆ డబ్బు ముందే పక్కన పెడుతుంది.

మన బడి చేయగలిగింది

కాలేజీ మెంటార్‌కు నియమాలు తెలుసు, పిల్ల ఇల్లు తెలియదు. షోలాపూర్ పద్మశాలి వాడలో అమ్మ రోజుకు ఎన్ని బీడీలు చుడితే ఫీజు వస్తుందో ఆయనకు తెలియదు. తెలిసినా ఆమెతో ఆమె భాషలో మాట్లాడలేరు. మన బడి అయివారికి ఇల్లు తెలుసు. పిల్ల తాత కూడా ఆయన దగ్గర చదివి ఉండొచ్చు. ఆయనకు కాలేజీ నియమాలు తెలియవు. ఈ ఇద్దరి మధ్య తెగిన దారాన్ని కలపడమే ఇప్పుడు జరగాల్సిన పని. దానికి కావలసింది ఒక నోటుపుస్తకం, ఒక ఫోను.

పదో తరగతి, పన్నెండో తరగతి వదిలి వెళ్లే ప్రతి పిల్ల పేరూ ఆ పుస్తకంలో రాయండి. చేరిన కాలేజీ, కోర్సు, ఫోన్ నంబరు, మెంటార్ పేరు. ఏడాదికి నాలుగుసార్లు ఫోన్ చేస్తే చాలు. చేరిన నెల తర్వాత ఒకసారి: పాఠం అర్థమవుతోందా, ఎవరైనా స్నేహితులు దొరికారా? మొదటి ఇంటర్నల్ పరీక్ష అయ్యాక ఒకసారి: ఏ సబ్జెక్టులో తగ్గాయి? పరీక్ష ఫీజు గడువుకు రెండు వారాల ముందు ఒకసారి: డబ్బు కట్టారా? ఫలితాలు వచ్చిన రోజున ఒకసారి. ఈ చివరి ఫోన్ ముఖ్యం. పేపరు తప్పినరోజు పిల్లవాడు ఎవరితోనూ మాట్లాడడు. ఆ రోజు అయివారి గొంతు వినబడితే రేపు కాలేజీకి వెళతాడు.

ఆ ఫోన్ ఎప్పుడూ తిట్టడానికి కాకూడదు. ‘ఏరా, తప్పావంటగా’ అని మొదలుపెడితే రెండోసారి ఫోన్ ఎత్తడు. ‘ఏ పేపరు ఇబ్బంది పెట్టింది నాయనా?’ అంటే చెబుతాడు.

రెండో పని, మన బడిలో చదివి అదే కాలేజీలో పైతరగతిలో ఉన్నవారిని కొత్తవారితో కలపడం. బరంపురంలో మూడో ఏడాది చదివే అక్క, మొదటి ఏడాది చెల్లెలికి ఏ కిటికీ దగ్గర ఏ ఫారం ఇస్తారో చూపిస్తుంది. పాఠంలో వచ్చే ఇంగ్లిషు మాటకు తెలుగులో అర్థం చెబుతుంది. దాంతో కొత్త పిల్లకు కాలేజీతో ఒక దారం ముడిపడుతుంది.

మూడో పని, వేసవి సెలవుల్లో ఒక పదిరోజులు. తెలుగులో నేర్చుకున్న లెక్కలు, సైన్సు, కామర్స్ మాటలకు ఇంగ్లిషు పేర్లు ఏమిటో నేర్పడం. బిందువు, రేఖ, ఆమ్లం, జమ, ఖర్చు అన్నీ పిల్లలకు తెలుసు. పేర్లు మారాయని తెలియక, అసలే తెలియదనుకుని బెదిరిపోతారు. విషయం తనకు వచ్చునన్న ధైర్యంతో కాలేజీకి వెళ్లిన పిల్ల మొదటి రెండు నెలలు గడిపేస్తుంది. గండం ఆ రెండు నెలలే.

ఏటా జూన్‌లో మా పేజీకి ఫొటోలు వస్తాయి. ఫలానా బడి నుంచి ఇంతమందికి కాలేజీల్లో సీట్లు వచ్చాయని. వేస్తాం, సంతోషంగానే వేస్తాం. మూడేళ్ల తర్వాత ఆ ఫొటోలో ఉన్నవారిలో ఎంతమంది పట్టా పట్టుకున్నారన్న ఫొటో మాత్రం ఇంతవరకు ఒక్క బడీ పంపలేదు. మేమూ అడగలేదు, ఆ తప్పు మాది కూడా. ఈ ఏడు నుంచి అడుగుతాం. 12 మంది చేరితే తొమ్మిది మందే మిగిలారని రాయడానికి ఏ ప్రధానోపాధ్యాయుడూ సిగ్గుపడక్కర్లేదు. ఆ ముగ్గురూ ఎక్కడ ఆగారో తెలిస్తే వచ్చే ఏడు ఆ చోట ఒక మనిషిని నిలబెట్టొచ్చు.

ఉత్తర చెన్నై అమ్మాయి ఇప్పుడు ఇంకో ఆఫీసులో పనిచేస్తోంది. సాయంత్రాలు ఎంకాం దూరవిద్యలో చదువుతోంది. తాను చదివిన బడిలో పన్నెండో తరగతి పిల్లలకు ఈ ఏడు ఒక మధ్యాహ్నం క్లాసు చెప్పింది. బోర్డు మీద పార్ట్-1 నుంచి మొదలుపెట్టి అన్ని భాగాలూ గీసి, నాలుగో దాని చుట్టూ ఎర్ర సుద్దతో సున్నా చుట్టిందట. ‘ఇది ఎవరూ చెప్పరు, నేను చెబుతున్నా, రాసుకోండి’ అంది. పిల్లలు రాసుకున్నారు.